చిన్న గదిలో పెద్ద బొంత
(కుట్టుమిషను మీద ముడతలు లేకుండా కుట్టే పద్ధతి)

పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. ఫిజిక్స్



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు, నాది ఫిజిక్స్ కాబట్టి నక్షత్రాల గురించో అణువుల గురించో రాస్తానని మీరు అనుకొని ఉంటారు. అవి మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. నేను రాయబోయేది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మంచం వేస్తే నడవడానికి దారి ఉండని గదిలో, మామూలు కుట్టుమిషను మీద, ఇద్దరు ముగ్గురు పడుకోగల పెద్ద బొంతను ముడత పడకుండా, సూది విరగకుండా కుట్టడం ఎలా అన్నదే ఈ వ్యాసం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఏడాది పూర్వ విద్యార్థినులం మా మా ఇళ్ళలోని పాత నూలు చీరలు పోగుచేసి హాస్టలుకు ఇస్తున్నాం. చలికాలం మొదలయ్యేలోగా చిన్న క్లాసుల చెల్లెళ్ళకు కింద పరుచుకోవడానికి బొంతలు కావాలి. హాస్టల్లో ఇచ్చే దుప్పటి పైన కప్పుకోవడానికి పనికివస్తుంది. కానీ బండల మీద పడుకునే పిల్లకు చలి పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ తగులుతుంది. గుడ్డతో పోలిస్తే రాయి మంచి ఉష్ణవాహకం, ఒంట్లోని వేడిని గుంజుకుంటుంది. గుడ్డ పొరల మధ్య చిక్కుకున్న గాలి చాలా బలహీనమైన ఉష్ణవాహకం. బొంత వెచ్చదనమంతా ఆ గాలిదే. హాస్టల్లో ఉన్నది ఒకే మిషను, అది పెట్టింది స్టోర్ రూము పక్కనున్న చిన్న గది. కుట్టబోయేది మీరే, అంటే ఇంటర్ చదువుతున్న పెద్ద చెల్లెళ్ళు. అందుకే పాఠంలాగానే రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ చదివింది ఐదో తరగతి. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. ఆ మూడేళ్ళూ నా పరీక్ష ఫీజులు అమ్మ బొంతలు కుట్టిన కూలి డబ్బుతోనే కట్టాం. ఈ పనిలో బొంత వెనకవైపు ముడతలు వస్తే కుట్టించుకున్నవాళ్ళు తిరిగి తెచ్చి ముందర పడేస్తారు. పెద్ద బొంతను విప్పి మళ్ళీ కుట్టడమంటే రెండు రోజుల కూలి పోయినట్లే. కాబట్టి ఇక్కడ చెప్పే చాలా సంగతులు అమ్మవి. వాటి వెనక ఉన్న లెక్కలు మాత్రం నావి.

బొంత మన ఒక్కరిదే కాదు

పాత చీరలు పొరలుగా పరిచి కుట్టుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. బెంగాల్లో దీన్ని కాంథా అంటారు, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌది. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీలు, అంటే పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, కుట్టే బొంతను కవంది అంటారు. వాళ్ళు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతి అక్కడ ఉంటుంది. ఆ ఆడవాళ్ళు చిరిగిన పని బట్టలతో, పాత జీన్సు ప్యాంట్లతో ఇంటి చలికోసం బొంతలు కుట్టుకున్నారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు బొంతల అమ్మకానికి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలను హ్యూస్టన్‌లోని ఆర్ట్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఆ ఫొటోలు చూసినప్పుడు, హాస్టలుకు వచ్చిన కొత్తలో బొంతను ఎవరికీ కనబడకుండా ట్రంకు పెట్టె అడుగున దాచే పిల్లలు గుర్తుకొచ్చారు. ఇక పనిలోకి వద్దాం.

ఏ చీరలు తీసుకోవాలి

నూలు చీరలు, బాగా ఉతికినవి. పాతవే ఎందుకంటే, అవి ఎంత కుంచించుకుపోవాలో అంతా ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటాయి. కొత్త గుడ్డ ఒక పొర, పాత గుడ్డ ఒక పొర వేస్తే మొదటి ఉతుకుకే ఒకటి లాక్కొని ఇంకొకటి ఉబ్బుతుంది. కొత్తది వాడక తప్పకపోతే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి.

ఈ రోజుల్లో ఇళ్ళలో నూలు చీరల కంటే పాలిస్టర్ చీరలే ఎక్కువ. అవి జారతాయి, చెమట పీల్చవు. పారేయనక్కర్లేదు గానీ లోపలి పొరగా మాత్రమే వేయండి. పైనా కిందా నూలే ఉండాలి. రెండు పాలిస్టర్ పొరలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోవాలి. ఫాల్ విప్పేయాలి. జరీ అంచు కత్తిరించేయాలి, దానిలో పడితే సూది మొద్దుబారుతుంది. కాళ్ళకు రాసుకొని చిరిగిన అడుగు భాగం కూడా తీసేయాలి.

చీర పొడవు ఐదున్నర మీటర్లు. మధ్యకు కత్తిరించి రెండు ముక్కలనూ పక్కపక్కన కలిపి కుడితే ఒక పొర అవుతుంది. చిరుగులు, అంచులు పోగా ఏడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు వస్తుంది. అంటే పొరకు ఒక చీర. నాలుగు పొరలకు నాలుగు చీరలు, మొత్తం రెండు కిలోలకు కొంచెం అటూ ఇటూ. ఇక్కడ ఒక జాగ్రత్త. అన్ని పొరల్లోనూ అతుకు సరిగ్గా మధ్యకే వస్తే అక్కడ గట్టు కట్టినట్లు మందంగా తయారవుతుంది. కాబట్టి లోపలి పొరల్లో ఒక ముక్కను మధ్యలో పెట్టి, రెండో ముక్కను నిలువుగా చీల్చి చెరో పక్కన అతకండి. అప్పుడు అతుకులు ఒకదాని మీద ఒకటి పడవు.

ఒక్కరికి సరిపోయే బొంత అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఒక చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవున మూడు పొరలు వస్తాయి. రెండు చీరలతో ఆరు పొరల బొంత తయారవుతుంది. కష్టమంతా పెద్దదానితోనే.

మిషను మెడ కింద పట్టేది ఎంత

మన నల్ల మిషనును పక్కనుంచి చూడండి. సూదికి, కుడిపక్కన ఉన్న స్తంభానికి మధ్య ఉండే ఖాళీని కొలిస్తే దాదాపు 17 సెంటీమీటర్లు వస్తుంది. ఏడడుగుల బొంత మధ్యలో ఒక గీత కుట్టాలంటే సగం బొంత, అంటే మూడున్నర అడుగులు, ఆ ఖాళీలో పట్టాలి. చాలామంది ఇక్కడే భయపడి చేతికుట్టుకే పోతారు.

లెక్క వేద్దాం. సగం బొంతను చుట్టగా చుడితే, ఆ చుట్ట అడ్డకోత వైశాల్యం గుడ్డ వెడల్పును మందంతో గుణిస్తే వచ్చినంత ఉంటుంది. మూడున్నర అడుగులంటే 107 సెంటీమీటర్లు. నాలుగు చీరల మందం వదులుగా లెక్కవేసినా 2 మిల్లీమీటర్లు. 107ను 0.2తో గుణిస్తే 21.4 చదరపు సెంటీమీటర్లు. వృత్త వైశాల్యం సూత్రం మీకు తెలుసు. వ్యాసం 5.2 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 17 సెంటీమీటర్ల దారిలో ఐదు సెంటీమీటర్ల చుట్ట. హాయిగా పడుతుంది. కాస్త వదులుగా చుట్టినా బాధ లేదు.

అదే మధ్యలో దూది నింపి ఒక సెంటీమీటరు మందం చేస్తే వ్యాసం 11.7 సెంటీమీటర్లు అవుతుంది. పడుతుంది గానీ చెయ్యి ఆడదు. రెండున్నర సెంటీమీటర్ల మందమైతే 18.5 వస్తుంది. ఇక దూరనే దూరదు. పరుపులాంటి మందం కావాలనుకునేవారు ఇంటి మిషనును ఇబ్బంది పెట్టకుండా వేరే దారి చూసుకోవాలి. చీరల బొంతకు మాత్రం మన మిషను మెడ చాలు.

అసలు శత్రువు బరువు

మరి జాగా చాలినప్పుడు ముడతలు ఎందుకు వస్తున్నాయి? సూది ఎందుకు విరుగుతోంది?

ఫుట్ కింద ప్లేటులో ఇనుప పళ్ళు ఉంటాయి. ఒక్కో కుట్టుకు అవి పైకి లేచి, గుడ్డను కొద్దిగా వెనక్కి జరిపి, మళ్ళీ కిందికి దిగుతాయి. అవి జరపగల బలానికి ఒక హద్దుంది. ఫుట్ నొక్కే బలం, పళ్ళకూ గుడ్డకూ మధ్య ఉండే ఘర్షణ, ఈ రెండింటి మీదే అది ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు బొంతలో సగం బల్ల ముందు నుంచి కిందికి వేలాడుతోందనుకోండి. అది ఒక కిలో. 9.8 న్యూటన్ల బలంతో ముందుకు లాగుతుంది. గుడ్డకు కిలో బియ్యం సంచి కట్టి కుట్టినట్లే. పళ్ళు వెనక్కి జరుపుతుంటే సంచి ముందుకు గుంజుతుంది. కుట్టు చిన్నదైపోతుంది, ఒకేచోట పడుతుంది. అప్పుడు మనం చేత్తో వెనకనుంచి లాగుతాం. సూది గుడ్డలో ఉండగా లాగితే అది వంగి, రంధ్రంలో దిగకుండా ప్లేటుకు తగిలి విరుగుతుంది.

కాబట్టి గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. సూది ముందర అరచేయి మేర గుడ్డ వదులుగా, బరువు లేకుండా, సమతలంగా ఉంటే చాలు. మిగతా బొంత ఎక్కడ ఎలా కుప్పగా ఉన్నా ఫరవాలేదు, వేలాడకూడదు. మా అమ్మ ఈ సంగతి న్యూటన్ల లెక్క లేకుండానే చెప్తుంది: "బిడ్డా, బరువు మంచం మొయ్యాలె. మిషిను గాదు, నువ్వు గూడ గాదు."

గది సర్దుకోవడం

మిషను బల్ల వెనక అంచును గోడకు ఆనించండి. కుట్టిన భాగం వెనక్కి పోయి కింద పడకుండా గోడ ఆపుతుంది. బల్లకు ఎడమపక్కన మంచం రావాలి. కుట్టేటప్పుడు బొంతలో ఎక్కువ భాగం ఎడమవైపే ఉంటుంది. కుడివైపు మెడ కింద ఉండేది చుట్ట ఒక్కటే.

మిషను బల్ల ఎత్తు దాదాపు 30 అంగుళాలు, మంచం ఎత్తు 18. ఈ పన్నెండు అంగుళాల తేడాలోకి బొంత జారిపోతూ ఉంటుంది. హాస్టల్లో దీనికి మందు మన దగ్గరే ఉంది. మంచం మీద రెండు ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టండి. పెట్టె ఎత్తు పది నుంచి పన్నెండు అంగుళాలు ఉంటుంది కాబట్టి దాదాపు బల్ల ఎత్తుకు వస్తుంది. మిగిలిన తేడాకు పాత పుస్తకాలు పెట్టుకోవచ్చు. పెట్టెల గడియల వైపు గోడకు తిప్పి, పైన నున్నటి దుప్పటి పరవండి. ముతక గుడ్డ పరిస్తే బొంత దానికి అంటుకొని జరగదు.

ఇక ముందువైపు. ఇంకా కుట్టాల్సిన భాగం మన ఒడిలోకి వస్తుంది. దాన్ని ఒడిలో కుప్పగా పోసుకోండి, చుట్ట కొసను భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. కాలిమిషను అయితే ఒక ప్రమాదం ఉంది. బొంత కొస కిందికి జారి పెద్ద చక్రంలోనో, తోలు బెల్టులోనో చిక్కుకుంటే గుడ్డ చిరుగుతుంది, వేళ్ళు కూడా నలగొచ్చు. ఒడికీ చక్రానికీ మధ్య పాత దుప్పటి ఒకటి తెరలాగా బల్లకు కట్టుకుంటే ఆ బెంగ ఉండదు. చున్నీ తీసి పక్కన పెట్టి కూర్చోండి.

వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి. కుడిచేతివైపు బల్బు ఉంటే మిషను మెడ నీడ సరిగ్గా సూది మీదే పడుతుంది.

పరిచి కచ్చా కుట్టు వేయడం

నన్నడిగితే మిషను మీద పని కంటే ఇదే ముఖ్యమంటాను. పొరలు ఒకదానికొకటి పట్టుకొని ఉంటే మిషను ఎంత గుంజినా ముడత రాదు. ఇక్కడ గంట మిగుల్చుకుందామనుకుంటే అక్కడ ఒక రోజు పోతుంది.

గదిలో ఏడడుగుల గుడ్డ పరిచే చోటు ఉండదు. హాస్టల్ డాబాయో, వరండాయో, భోజనాల హాలో చూసుకోండి. డాబా అయితే తెల్లవారుజామున, గాలి లేవకముందే. అట్టడుగు పొరకు ముందురోజు పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. గంజి పెట్టిన గుడ్డ అటూ ఇటూ జారదు, ముడత పడటానికి ఒప్పుకోదు. కుట్టడం అయ్యాక ఒక ఉతుకుతో గంజి పోతుంది.

అడుగు పొర తలకిందులుగా పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. బిగుతుగా ఉండాలి గానీ సాగకూడదు. సాగదీసి కుడితే ఇటుకలు తీయగానే అది వెనక్కి లాక్కొని పై పొరలన్నీ ఉబ్బుతాయి. మిగతా పొరలు ఒక్కొక్కటీ పరిచి మధ్య నుంచి అంచులకు అరచేత్తో సవరించండి. తర్వాత పెద్ద సూదితో, తెల్ల దారంతో దూరం దూరంగా కచ్చా కుట్టు. మొదట మధ్యలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి బెత్తెడు దూరానికి ఒక వరుస. ఏ వరుసైనా మధ్యనుంచి అంచుకే పోవాలి. అంచు నుంచి మధ్యకు వస్తే వదులంతా మధ్యలో పోగై ఇరుక్కుంటుంది.

పిన్నీసులతో కూడా చేయొచ్చు, త్వరగా అవుతుంది. కానీ మిషను దగ్గరికి వచ్చేసరికి ఒక్కోటి తీస్తూ ఆగాలి, ఒకటి మరిచిపోతే సూది పోతుంది. చిన్నపిల్లలు పడుకునే బొంతలో పిన్నీసు మిగిలిపోవడం అసలే మంచిది కాదు. వాడితే లెక్కపెట్టి వాడండి, లెక్కపెట్టి తీయండి.

నలుగురు కూర్చుంటే ఈ పని రెండు గంటల్లో అవుతుంది. నాలుగు మూలల నుంచి నలుగురు కాకుండా, నలుగురూ మధ్యలో మొదలుపెట్టి నాలుగు దిక్కులకు పోవాలి.

మిషను సర్దుబాట్లు

పళ్ళు కింది పొరనే పట్టుకొని జరుపుతాయి. పైనున్న ఫుట్ పై పొరను ఆపుతూ ఉంటుంది. ఫలితంగా పై పొర కొద్దికొద్దిగా మన వైపుకు వెనకబడి, గీత చివరికి వచ్చేసరికి ఒక మడతగా పోగవుతుంది. దీనికి మిషను తల మీద ఎడమ చివర, ఫుట్ కడ్డీ పైన ఒక మర ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేయండి. ఫుట్ ఒత్తిడి తగ్గితే పై పొర సులువుగా కదులుతుంది. మరీ వదులు చేస్తే పళ్ళకు పట్టు దొరకదు. పొరలు నాలుగూ వేసిన చిన్న ముక్క మీద కుట్టి చూసుకుంటూ తిప్పాలి. ఒక్క పొర గుడ్డ మీద సరిచూసుకుంటే లాభం లేదు.

సూది 16వ నంబరు. ఐదారు పొరలైతే 18. ప్రతి పెద్ద బొంతకూ కొత్త సూది వేయండి. కుట్టు అంగుళానికి ఎనిమిది చాలు. దట్టంగా కుడితే బొంత అట్టలాగా బిగుసుకుపోతుంది, దారం వృథా. వెనకవైపు దారం ఉచ్చులుగా వస్తుంటే చాలామంది బాబిన్ మరను తిప్పుతారు. ముందు పైదారం సరిగా ఎక్కించారో లేదో చూడండి, ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది.

వాకింగ్ ఫుట్ అని ఒకటి దొరుకుతుంది. దానికి పైనుంచి కూడా పళ్ళుండి పై పొరను జరుపుతుంది. మీ మిషనుకు సరిపోయేది దొరికితే మంచిదే. లేకపోతే ఆగిపోవద్దు. దగ్గర దగ్గరగా వేసిన కచ్చా కుట్టు ఆ పనిలో చాలావరకు చేసేస్తుంది. పళ్ళను దించి, చేతులతో గుడ్డను తిప్పుతూ పువ్వులూ తీగెలూ కుట్టే పద్ధతి కూడా ఉంది. చూడటానికి అందంగా ఉంటుంది గానీ కొత్తవాళ్ళు పెద్ద బొంత మీద మొదలుపెట్టాల్సిన పని కాదు.

గీతలు కుట్టడం

మొదటి గీత బొంత నిలువునా సరిగ్గా మధ్యలో. కుడి సగాన్ని చుట్టగా చుట్టి మెడ కింద పెట్టండి, ఎడమ సగాన్ని పెట్టెల మీద పరవండి. రెండో గీత మొదటిదానికి కుడిపక్కన రెండంగుళాల దూరంలో. అలా కుడి అంచు వరకూ పోండి. ఒక్కో గీతకూ చుట్ట సన్నబడుతూ, పని సులువవుతూ వస్తుంది. కుడి సగం అయ్యాక బొంతను తలకిందులుగా తిప్పండి. ఎడమ సగం ఇప్పుడు కుడివైపుకు వస్తుంది. మళ్ళీ మధ్య నుంచి అంచుకు. ఈ పద్ధతిలో మెడ కింద సగం కంటే ఎక్కువ బొంత ఎప్పుడూ ఉండదు.

ఒక సగంలోని గీతలన్నీ ఒకే దిక్కుగా కుట్టాలి. చివరికి వచ్చాక అక్కడినుంచే తిరుగు గీత కుడితే సమయం కలిసొస్తుందనిపిస్తుంది. కానీ ఒక గీతలో పై పొర ఇటు జరిగి, పక్క గీతలో అటు జరిగితే రెండింటి మధ్య ఏటవాలుగా అలలు తేలతాయి. కచ్చా కుట్టు ఎంత బాగున్నా ఈ అలలు కొంత కనబడతాయి. ప్రతిసారీ బొంతను మొదటికి తెచ్చుకోండి. విసుగే, తప్పదు.

కుట్టేటప్పుడు సూదికి అటూ ఇటూ రెండు అరచేతులూ పరిచి పెట్టి, పది అంగుళాల మేర మాత్రమే చూడండి. ఆ మేర కాగానే సూదిని గుడ్డలో దించి ఆపండి. అప్పుడు ఒడిలోంచి కొంత గుడ్డ ఎత్తి బల్ల మీదికి తెచ్చుకోండి. వెనక గోడ దగ్గర పోగైనదాన్ని ఎడమకు పెట్టెల మీదికి జరపండి. మళ్ళీ పది అంగుళాలు. నడుస్తుండగా బొంతను జరపవద్దు, ఆగినప్పుడే జరపాలి. చేతులు జారుతుంటే బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేవారు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగులు రెండు మూడు కొనుక్కోండి, పాత రబ్బరు గ్లౌజుల వేళ్ళు కత్తిరించి తొడుక్కున్నా సరే.

ప్రతి ఐదు గీతలకూ ఒకసారి బొంత తిప్పి వెనకవైపు చూడండి. ముడత కనబడితే అక్కడే, ఆ ఒక్క గీతే విప్పాలి. మొత్తం అయ్యాక చూస్తే ఏం లాభం? పాత చీరల నూగు చాలా రాలుతుంది కాబట్టి సగం బొంతకు ఒకసారి ప్లేటు తీసి పళ్ళ మధ్య బ్రష్షుతో తుడిచి ఒక చుక్క నూనె వేయండి. నూనె వేసిన వెంటనే బొంత పెట్టకుండా పాతగుడ్డ మీద రెండు గీతలు నడిపించండి. అరగంటకోసారి లేచి భుజాలు తిప్పండి. ఏళ్ళ తరబడి ఇదే పని చేసినవాళ్ళకు ముందు పోయేది కుడి భుజమే.

గది మరీ చిన్నదైతే

పెట్టెలు వేయడానికి కూడా చోటు లేకపోతే బొంతను మూడు పట్టీలుగా విడదీయండి. ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, 28 అంగుళాల వెడల్పు. వీటి బరువు ముప్పావు కిలోకు మించదు, ఒడిలోనే పడతాయి. దేనికది నాలుగు పొరలతో గీతలు కుట్టేసుకోవాలి, కలవబోయే అంచుల దగ్గర మాత్రం రెండంగుళాలు వదిలేయాలి. తర్వాత రెండు పట్టీల పై పొరలను ఒకదానిమీద ఒకటి పెట్టి మిషను మీద కలపండి. లోపలి పొరలను ఎదురెదురుగా తాకేలా కత్తిరించండి. బొంత తిప్పి అడుగు పొరల్లో ఒకదాన్ని లోపలికి మడిచి రెండోదాని మీద చేతికుట్టు వేయండి. కలుపు కోసం ఒక్కో పట్టీకి కలిసే పక్కన అంగుళం గుడ్డ ఎక్కువ పెట్టుకోవడం మరవొద్దు.

కలుపులు కొంచెం తెలుస్తాయి, చేతిపని కూడా పెరుగుతుంది. అయినా ముగ్గురు మూడు ఇళ్ళలో తలా ఒక పట్టీ కుట్టుకొచ్చి ఒకచోట కలుపుకోవచ్చు. సెలవుల్లో ఇంటికి పోయే మీకు ఇదే అనుకూలంగా ఉంటుందని నా అభిప్రాయం.

దారం, సమయం, కూలి

రెండంగుళాలకో గీత చొప్పున ఏడడుగుల వెడల్పుకు 41 గీతలు. ఒక్కో గీత 90 అంగుళాలు. మొత్తం 3,690 అంగుళాలు, అంటే దాదాపు 94 మీటర్ల కుట్టు. పైదారం, కిందిదారం కలిపి కుట్టు పొడవుకు రెండున్నర రెట్లు పడుతుందనుకుంటే 235 మీటర్లు. కొసలు వృథా అవుతాయి కాబట్టి 300 మీటర్లు దగ్గర పెట్టుకోండి. బాబిన్లు ముందే నాలుగైదు నింపుకోండి.

అంగుళానికి ఎనిమిది చొప్పున 29,520 కుట్లు. నిమిషానికి 400 కుట్లు నడిపితే మిషను తిరిగే సమయం గంటా పదిహేను నిమిషాలే! కానీ పెద్ద బొంత అయ్యేసరికి రోజున్నర పడుతుంది. మిగతా సమయమంతా చీరలు విప్పడం, పరవడం, కచ్చా కుట్టు, బొంతను జరుపుకోవడం, వెనక చూసుకోవడం. "మిషను మీదే కదా, ఎంతసేపు పట్టింది" అని కూలి తగ్గించేవాళ్ళు చూసేది ఆ గంటంపావునే. సెలవుల్లో ఊళ్ళో ఎవరికైనా కుట్టిపెడితే ఒక నోటుపుస్తకంలో మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ రాసుకోండి. రేటు చెప్పేటప్పుడు ఆ పుస్తకం ముందర పెట్టి మాట్లాడండి. మా అమ్మకు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా నేను అలా పుస్తకం పెట్టి ఇచ్చాను. ఆ ఏడాది నుంచి ఆమె చీరకు ఇంత అని కాకుండా రోజుకు ఇంత అని అడుగుతోంది. ఇద్దరు ముగ్గురు మానేశారు. మిగిలినవాళ్ళు ఇస్తున్నారు.

అంచు, ఉతుకు

గీతలన్నీ అయ్యాక అంచులు సరిగా కత్తిరించి, మూడంగుళాల వెడల్పు పట్టీని రెండుగా మడిచి చుట్టూ వేయండి. చీర కొంగు బాగుంటే పట్టీకి అదే తీసుకోండి. మూలల దగ్గర రెండుసార్లు కుట్టాలి, బొంత ముందు చిరిగేది అక్కడే. ఆ తర్వాతే కచ్చా కుట్టు దారం తీయాలి.

మొదటిసారి చల్లటి నీళ్ళలో ఉతకండి. ముదురు రంగు చీర ఉంటే మొదటి రెండు ఉతుకులూ విడిగా. తడిసిన బొంత పొడిదానికి రెండు మూడింతలు బరువు తూగుతుంది. ఒక్కరే ఎత్తి పిండబోతే దారాలు తెగుతాయి. ఇద్దరు చెరో కొస పట్టుకోండి, మెలితిప్పి పిండకుండా మడిచి బండ మీద అదిమి నీళ్ళు కార్చండి. ఒకే తాడు మీద వేస్తే మధ్యలో సాగుతుంది కాబట్టి రెండు తాళ్ళ మీద పడేలా ఆరేయండి. లోపలి పొరలు ఆరడానికి రెండు ఎండలు కావాలి. పైన పొడిగా తగిలినా మధ్యలో చెయ్యి పెట్టి నొక్కి చూసి, చల్లగా ఉంటే ఇంకో పూట ఉంచండి. తేమ మీద మడిచి పెట్టెలో పెడితే వారానికే బూజు వాసన వస్తుంది.